తొలి విస్తరి

ఆదోని,
3 జూలై 2024.

చిరంజీవి మాధురికి,

కళ్లజోడు తుడుచుకొని, గది తలుపు దగ్గరకు వేసికొని, నీ పెదనాన్న రామసుబ్బయ్య వ్రాయు జాబు. ఇక్కడ మేమందరము క్షేమము. మీ పెద్దమ్మ మోకాళ్లు వాన సంగతిని మబ్బుల కంటె ముందుగా చెప్పుచున్నవి.

మొన్న నీవు ఫోనులో మాటలాడుచుండగా నేను మధ్యలోనే పెట్టివేసితిని. కోపము కాదు తల్లీ. నీవు “గర్భసంచిలో ఊరే నీళ్లు” అన్న సమయమున మీ అన్న రాజేష్ తన దుకాణమునకు వచ్చు పత్తి దళారులతో నడవలో కూర్చుండి కాఫీ త్రాగుచున్నాడు. నా ఫోను సంగతి నీకు తెలియును. అవతలివారి మాట వీధిలోనికి వినబడును. ఒక దళారి గ్లాసు నోటి దగ్గర ఆపి నావైపు చూచినాడు. జీవితమంతయు తెలుగు పాఠములు చెప్పిన నాకు ఆ క్షణమున ఒక్క మాటయు దొరకలేదు. కావున ఈ విషయమును మనము జాబులలోనే నడుపుదము. నోటికి రానిది కలమునకు వచ్చును.

నాకు అర్థమైనంతలో నీ కోరిక ఇది. హైదరాబాదులోని నీ పరిశోధనశాలకు మన ప్రాంతపు గృహిణుల గర్భాశయమునందలి ద్రవము కొన్ని చుక్కలు కావలెను. ఎమ్మిగనూరులోని చిన్న ధర్మాసుపత్రి డాక్టరమ్మ వానిని తీసి పంపుటకు ఒప్పుకొన్నది. స్త్రీలకు నచ్చజెప్పి పంపవలసినది మీ పెద్దమ్మయు నేనును.

ఎందులకు? మీ పెద్దమ్మ నన్ను అడిగినది: “ఆ నీళ్లల్లో ఏముంటుందండీ? చూస్తే బిడ్డను చూడాల గానీ!” పదవ తరగతి పిల్లవానికి చెప్పినట్లు మొదటి నుండి చెప్పుము.

మరియొకటి. నీ సందేశములో “థాంక్స్ పెదనాన్న” అని వ్రాసితివి. పిలుపునకు దీర్ఘము ఉండవలెను. దీర్ఘము లేనిచో ఎవరినో గురించి చెప్పినట్లుండును గాని నన్ను పిలిచినట్లుండదు.

ఆశీస్సులతో,
పెదనాన్న.


హైదరాబాద్,
10 జూలై 2024.

పెదనాన్నా,

దీర్ఘం ఇచ్చాను, చూసుకోండి. పెద్దమ్మకు నమస్కారాలు. ఆ దళారికి నా తరఫున క్షమాపణ చెప్పండి. వద్దులెండి, చెప్పకండి.

మొదటి నుంచి అన్నారు కదా. నిజంగా మొదటి నుంచే చెబుతాను. అండం ఫలించిన రోజున బిడ్డ అనదగింది ఒక్క కణం. ఇసుకరేణువు కన్నా చిన్నది. అండవాహిక అనే సన్నటి గొట్టంలో చూపుడువేలంత దారి నడిచి అది గర్భసంచి చేరాలి. దాదాపు వారం దాకా అది తల్లిని ఎక్కడా అంటుకోదు. బొడ్డుతాడు లేదు. తల్లి రక్తం అందదు. మరి ఏం తిని బతుకుతుంది?

ఆ గొట్టం గోడలూ, గర్భసంచి గోడల్లోని చిన్న చిన్న గ్రంథులూ ఒక ద్రవాన్ని ఊరుస్తాయి. చాలా కొంచెం. అందులో వందల రకాల ప్రోటీన్లు. ఒకటి అండానికి శాలువాలా చుట్టుకుంటుంది. ఒకటి గోడకు అంటుకోవడానికి చెయ్యి అందిస్తుంది. ఇంకొకటి నాకు మరీ ఇష్టం. బిడ్డలో సగం తండ్రిది కదా, అందుకని తల్లి ఒంట్లోని కావలి కణాలకు బిడ్డ పరాయి మనిషి. ముల్లు దిగితే మీదపడినట్టు మీదపడాలి. ఈ ప్రోటీన్ ఆ కావలివాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్లను శాంతపరుస్తుంది.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఆ తల్లికి తాను తల్లినని తెలియదు. విస్తరి వేసింది ఆమె, వడ్డించింది ఆమె, ఆ సంగతి ఆమెకే తెలియదు! మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి అమ్మకు ఫోన్ చేశాను. ఏం చెప్పాలో తెలియక, కూర ఏం చేశావని అడిగాను.

ఆ విస్తరి నెలలో కొన్ని రోజులే వేసి ఉంటుంది. అతిథి వచ్చినా రాకున్నా ప్రతి నెలా వేస్తుంది ఒళ్లు, ప్రతి నెలా ఎత్తేస్తుంది. ఏ ప్రోటీన్ ఏ రోజున వస్తుంది, ఏ రోజున పోతుంది అన్నదే నా పని. అందుకని నాకు చుక్క ఎంత ముఖ్యమో తేదీ అంత ముఖ్యం. నెలసరి మొదలైన తేదీ నుంచి లెక్కపెట్టి డాక్టరమ్మ పిలుస్తారు. ఆ తేదీ తప్పితే అంతా తప్పు.

ఒక నియమం ఉంది. గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఎవరి ఫలితం ఏమిటో ఎవరికీ చెప్పం. నాకు కూడా తెలియదు. రాజేష్ అన్నతో ఆసుపత్రులకు తిరిగి పావని వదిన ఇప్పటికే అలసిపోయింది, ఆమెను మాత్రం బలవంతపెట్టకండి.

మీ
మాధురి


ఆదోని,
24 జూలై 2024.

చిరంజీవి మాధురికి,

నీ జాబు చేతిలో పెట్టుకొని చాలసేపు కుర్చీలో నుండి లేవలేదు. పెద్దమ్మ వచ్చి ఒంట్లో బాగున్నదా అని నుదురు తాకి చూచినది.

నాకు డెబ్బది నాలుగేండ్లు. నా మొదటి భోజనమేదని ఎవరైన అడిగిన యెడల మా అమ్మ ఉగ్గుగిన్నె అని చెప్పియుందును. అంతకంటె ముందు, పేరు లేక, ముఖము లేక, మా అమ్మకు సైతము తెలియక, నేనొక వారము దినములు భోజనము చేసియుంటినని నీవు చెప్పుచున్నావు. నేను కడుపున పడిన దినములలో ఆదోనిలో త్రాగునీరు చెంబులతో కొలుచుకొని త్రాగెడివారట. అట్టి ఎండలలో, ఎవ్వరును కొలువని ఆ చుక్కలు నాకు వేళకు అందినవి! ఈ సంగతి తెలియకయే ఇంతకాలము మాతృమూర్తిని గురించి వ్యాసములు వ్రాయించితిని, మార్కులు వేసితిని.

ప్రోటీన్లను మన తెలుగు పుస్తకములలో మాంసకృత్తులందురు. ఆ మాట వినగనే పెద్దమ్మ ముక్కు మూసికొన్నది. కావున మన కోమటి ఇంటిలో వానిని పోషకములని పిలిచెదము. నీకు అభ్యంతరము లేదని తలచెదను.

ఇక కార్యము. తేదీ తప్పరాదని నీవన్నావు. ఏ ఇల్లాలును ఆ దినమును పైకి చెప్పదు. నర్సు అడిగినను తల వంచుకొనును. నాకొక ఉపాయము తోచినది. మన ఇండ్లలో వంటగది గోడకు దేవుని పటముతో క్యాలెండరు ఉండును. నెలసరి వచ్చిన తేదీపై చిటికెడు పసుపుతో బొట్టు పెట్టవలెను. నోరు విప్పనక్కరలేదు. నర్సు వచ్చి చూచుకొని పోవును. ఈ ఉపాయమునకు పెద్దమ్మ కూడ తల ఊపినది. మన వీధిలోను, వెనుక వీధిలోను ఇల్లాండ్రకు ఆమెయే చెప్పివచ్చినది.

నర్సు పేరు హెప్సిబా. నా పాత శిష్యురాలు. “ఉపాయం బాగుంది సార్, మా ఎమ్మిగనూరోళ్లకూ ఇట్లనే చెప్తా,” అన్నది. తన చర్చికి వచ్చు కూలి కుటుంబముల స్త్రీలను ఆమెయే ఒప్పించినది. ఆదోని వారు కొందరు, ఎమ్మిగనూరు వారు కొందరు, మొత్తము నీకు చాలినంత మంది.

పావని తనంతట తానే వచ్చినది. మొన్న ఎదురింట తొట్టెల వేడుక జరిగినది. బిడ్డను ఒకరి చేతి నుండి ఒకరు అందుకొని తొట్టెలో వేయుచుండగా, మన పావని వంతు వచ్చుసరికి ఆ ఇంటామె, “నువ్వు కూర్చో పావనీ, కాఫీల సంగతి చూద్దువు గానీ,” అన్నదట. పెండ్లి అయి ఎనిమిదేండ్లు. ఇంటికి వచ్చి నాతో అన్నది: “మామా, నాది కూడా తీసుకోమనండి. నాలో ఏం లోపముందో మాధురి చూసి చెప్తుంది గదా?”

చెప్పునమ్మా అని మాట ఇచ్చితిని. పేర్లు చెప్పరాదను నీ నియమము బయటివారిని ఉద్దేశించినదని నేనెరుగుదును.

శుభాకాంక్షలతో,
పెదనాన్న.


హైదరాబాద్,
2 ఆగస్టు 2024.

పెదనాన్నా,

మీ ఉపాయం మా పరిశోధన గైడ్ సార్‌కు చెప్పాను. ముచ్చటపడ్డారు.

కానీ వదిన సంగతిలో మీరు పొరబడ్డారు. నియమం ఇంటివాళ్లకు కూడా అంతే. ఏ గొట్టం వదినదో నాకు తెలిసే దారే లేదు. తెలిసినా, ఒక్క మనిషి ఒక్క చుక్క చూసి లోపముంది, లేదు అని చెప్పే చదువు ఇంకా ఎవరికీ రాలేదు. ఈ మాట మీరే వదినకు చెప్పాలి, ఈ రోజే చెప్పాలి. ఆమె ఆశపెట్టుకుని కూర్చుంటే నేను భరించలేను.

ఒక ఫోటో పంపుతున్నాను. గర్భసంచి ముఖద్వారం దగ్గరి ద్రవం. అండం విడుదలయ్యే రోజుల్లో ఒక చుక్కను గాజుపలక మీద ఆరబెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే ఇట్లా ఉంటుంది. ఎవరూ గీయలేదు. అదే అట్లా ఆరింది.

మీ
మాధురి


హైదరాబాద్,
18 నవంబరు 2024.

పెదనాన్నా,

ఆగస్టు జాబుకు మీరు బదులు రాయలేదు. వదినకు చెప్పేసి ఉంటారని ధైర్యంగా ఉన్నాను. ఇవాళ నాకు నేల మీద కాలు ఆనడం లేదు, అందుకే రాస్తున్నాను.

ఎమ్మిగనూరు స్త్రీల ద్రవాలు పుస్తకంలో చెప్పినట్టే ఉన్నాయి. ఏ రోజున రావలసిన ప్రోటీన్ ఆ రోజున వచ్చింది. ఆదోని వాళ్లవి మాత్రం అందరివీ ముందుకు జరిగి ఉన్నాయి! ఇంకా రెండు మూడు రోజుల తర్వాత రావలసినవి అప్పుడే వచ్చేశాయి. నిండుగా ఉండాల్సిన రోజుకు తగ్గుముఖం పట్టాయి. అంటే అతిథి గడపలోకి రాకముందే విస్తరి ఎత్తేస్తున్నారన్నమాట. ఇరవై మైళ్ల దూరంలో రెండు ఊళ్లు, ఇంత తేడా!

మా సార్ రెండుసార్లు లెక్కలు చూసి, ఇది లోకం చూడాల్సిన విషయం, నెలాఖరుకల్లా పత్రం రాసెయ్యి అన్నారు. కారణం ఏమై ఉంటుంది? ఆదోని ఇళ్లలో పత్తిగింజల నూనె వాడతారా? జిన్నింగ్ మిల్లుల దుమ్మా? నీళ్లా? పెద్దమ్మను అడిగి, వంటకు ఏం వాడతారో రాయండి.

తొందరలో,
మాధురి


ఆదోని,
27 నవంబరు 2024.

చిరంజీవి మాధురికి,

వంటకు మన ఇంట వాడునది వేరుసెనగ నూనె. ఈ ఒక్క వాక్యమును నీ ప్రశ్నకు సమాధానముగ స్వీకరింపుము. మిగిలినది వేరే సంగతి.

నీ జాబును నేను భోజనముల వేళ అందరికిని వినిపించితిని. ఆదోని పేరు లోకము వినబోవుచున్నదని నా గొంతు పెద్దదైనది. విస్తరి ఎత్తివేయుచున్నారను వాక్యము చదివినప్పుడు పావని చారు వడ్డించుచున్నది. గరిటె గిన్నెలో పెట్టి లోపలికి పోయినది. నేను చదువుట ఆపలేదు. మీ పెద్దమ్మ నా మోచేయి పట్టుకొని లాగువరకు ఆపలేదు.

మరునాటి ఉదయమున పావని సంచి సర్దుకొని ఆలూరులోని పుట్టింటికి బయలుదేరినది. రాజేష్ వెంటపడి బస్టాండు వరకు పోయినాడు. “ఇంక ఆసుపత్రులకు తిరగొద్దు. నా కోసం కాచుకోనుండొద్దు,” అని అతనితో చెప్పినదట. గడప దాటుచు నాతో అన్న మాట ఇది: “విస్తరి ఎత్తేసే ఇంటికి ఎవరొస్తారు మామా? వాళ్ల తప్పేముంది?”

మాధురీ, నీవు చెప్పనంటివి. చెప్పితివి. చెప్పదలచినచో నాకు వేరుగ వ్రాయవలసినది. పెద్దవాడను గనుక అంతకు మించి అనను. విస్తరి ముందుగ ఎత్తివేయుటకు మందున్నదా? ఉన్నచో దాని పేరు వ్రాయుము. ఆ మందు ఎక్కడ దొరికినను రాజేష్ తెచ్చును.

నీవు పంపిన ఫోటోను పావనియే క్రిందటి నెలలో నా బల్లపై చూచినది. “ఇదేం ఆకు మామా, మునగాకు రెమ్మ మాదిరుంది?” అని అడిగినది. ఒక చుక్క నీరని చెప్పగా నమ్మలేదు. ఇట్టి చిత్రములు వేయు చోట లోపమెట్లు ఉండునని నాకు ఈ దినమున తోచుచున్నది. ఆ దినమున తోచియుండినచో ఆమెతో చెప్పియుందును.

పెదనాన్న.


హైదరాబాద్,
2 డిసెంబరు 2024.

పెదనాన్నా,

మీ ఉత్తరం పట్టుకుని ల్యాబ్ మెట్ల మీద కూర్చుండిపోయాను. మీరు నా మీద కోప్పడినందుకు కాదు. వదిన వెళ్లిపోయినందుకు.

నేను వదిన గురించి ఒక్క మాట రాయలేదు. రాసింది ఆదోని స్త్రీలందరి గురించి. అందరివీ కలిపి చూసిన లెక్క అది. ఆగస్టులో చెప్పమన్న మాట మీరు వదినకు చెప్పలేదని ఇప్పుడు అర్థమైంది. పోనివ్వండి.

ఒక సంగతి ఆలోచించండి. ఎదురింటామె ఇద్దరు బిడ్డల తల్లి. వెనుక వీధిలో ముగ్గురేసి ఉన్నవాళ్లున్నారు. వాళ్ల చుక్కలు కూడా ముందుకే జరిగి ఉన్నాయి. విస్తరి ముందే ఎత్తేస్తే వాళ్ల బిడ్డలు ఎట్లా పుట్టారు? పేరు వస్తుందన్న సంబరంలో నేను ఈ ప్రశ్న వేసుకోలేదు. మీ ఉత్తరం చదివాక వేసుకున్నాను. ఇక్కడ ఏదో తప్పుంది. అది స్త్రీల ఒంట్లో లేదేమోనని నా అనుమానం.

తేదీలు ఎట్లా తీసుకున్నారో దయచేసి కనుక్కోండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నిలబడి బొట్టు పెట్టారో. పత్రం రాయడం అయిపోయింది, ఈ నెలాఖరుకు అచ్చుకు వెళ్లిపోతుంది. అది తప్పైతే, ఆదోని ఆడవాళ్లందరికీ లోపముందని నేనే లోకానికి చెప్పినదాన్నవుతాను. ఇప్పుడు వదిన ఒక్కతే పోయింది పుట్టింటికి.

మీ
మాధురి


ఆదోని,
9 డిసెంబరు 2024.

చిరంజీవి మాధురికి,

తప్పు దొరికినది. అది నాది.

నీ జాబు రాగానే పెద్దమ్మతో గట్టిగా వాదించితిని. ఆమె కందులు చెరుగుచున్నది. మా సంభాషణను యథాతథముగ వ్రాయుచున్నాను.

“తేదీలలో దోషమునకు వీలే లేదు. పసుపు బొట్టు కదా ఆధారము,” అంటిని.

“బొట్టు ఎప్పుడు పెడతారనుకున్నారు?”

“వచ్చిన దినముననే. అట్లే చెప్పమని నీతో అంటిని కదా.”

చేట ఆగినది. “ఆ దినం వంటింట్లోకి ఎట్ల పోతారండీ? పసుపు ఎట్ల ముడతారు? నాలుగో దినం తలకు పోసుకోని, దీపం పెట్టుకోని, ఆ పొద్దు తేదీ మీద పెడతారు బొట్టు. బయటున్న మనిషి పసుపు తీసుకోని దేవుని పటం మీద పెడతాదా? నేనూ ఇండ్లలో అట్లనే చెప్పొచ్చినా. యాభై ఏండ్లు కాపురం చేసినారు, ఇంతమాత్రం తెలీదా స్వామీ మీకు?”

ఆమె నవ్వసాగినది. కండ్ల నీళ్లు వచ్చునట్లు నవ్వినది. నవ్వు మధ్యలో, “అయ్యో, పావని!” అని కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది.

ఎమ్మిగనూరునకు ఫోను చేసితిని. ఈసారి గొంతు తగ్గింపలేదు. హెప్సిబా చెప్పినది: “మా ఇండ్లు ఒంటి గదులు గదా సార్. క్యాలెండర్ తలుపు పక్కన తగిలించింటారు. పసుపెందుకులే అని పెన్నుతోనే సున్న చుట్టినారు, అయిన దినమే.” ఎమ్మిగనూరు సరిగ నుండుటకును, ఆదోని ముందుకు జరుగుటకును కారణము ఇంతయే. నూనె కాదు, నీరు కాదు. ఏ దినమున పసుపు ముట్టరాదో ఆ దినమున పసుపు బొట్టు పెట్టుమన్న పండితుడు కారణము.

మరుసటి ఉదయమున ఆలూరు బస్సెక్కితిని. పావని తండ్రి వాకిటిలో వేరుసెనగ కాయలు ఆరబోసియున్నారు. హనుమక్క అను కూలియామెతో కలిసి పావని పుచ్చులు ఏరుచున్నది. నన్ను చూచి లేచినది.

“లోపలికి రండి మామా.”

“లోపలికి వచ్చినచో చెప్పలేను. ఇక్కడనే చెప్పెదను,” అంటిని. ఎండలో, నలుగురి ముందర, నెలసరి అను మాటను నా నోటితో పలికితిని. ఏ దినము మొదలో, ఏ దినమున తలస్నానమో, బొట్టు ఎప్పుడు పడినదో, లెక్క ఎట్లు తప్పినదో అంతయు చెప్పితిని. హనుమక్క చేతిలోని కాయలు క్రింద పోసి, “పంతులుకేమైంది ఈ పొద్దు?” అన్నది. పావని తండ్రి గబగబ కొట్టులోనికి పోయినాడు.

పావని అడిగినది: “అంటే నాలో లోపం లేదనా?”

లేదని చెప్పవలెనని నా నాలుక చివర వరకు వచ్చినది. “లేదని చెప్పుటకు మాధురికి వీలు లేదమ్మా. ఉన్నదని చెప్పుటకును వీలు లేదు. ఆ మాట ఆగస్టులోనే వ్రాసినది. నేను నీకు చెప్పలేదు. చూసి చెప్పునని నేనిచ్చిన మాట తప్పు,” అంటిని.

రెండు పుచ్చులు ఏరి పడవేసినది. పిదప, “తెలీదు అని చెప్పినోళ్లు మన వీధిలో మీరే మొదలు, మామా,” అన్నది. మజ్జిగ ఇచ్చినది. బస్సు ఎక్కించినది. తాను రాలేదు.

పెదనాన్న.


హైదరాబాద్,
15 డిసెంబరు 2024.

పెదనాన్నా,

మీ ఉత్తరం సార్‌కు చదివి వినిపించాను. ఆయన ముఖం పాలిపోయింది. తర్వాత ఆయనే నవ్వారు. పత్రం ఆపేశాం.

ఇప్పుడు మీకొక అద్భుతం చెప్పాలి. మూడు రోజులు వెనక్కి జరిపి ఆదోని లెక్క మళ్లీ వేశాను. ఆదోని, ఎమ్మిగనూరు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి పెదనాన్నా! మీరు తేదీ తప్పు చెప్పారు, పెద్దమ్మ తప్పు చెప్పింది, క్యాలెండర్ తప్పు చెప్పింది, నేను తప్పు నమ్మాను. ఆ చుక్క ఒక్కటే తప్పు చెప్పలేదు. మేమంతా ఇది ఇరవయ్యో రోజు అంటుంటే అది ఇరవైమూడో రోజునని నెమ్మదిగా చెబుతూనే ఉంది. చెప్పింది వినడానికి మాకు ఇన్నాళ్లు పట్టింది. రాత్రి నిద్ర పట్టలేదు. ఏ గడియారమూ చూడకుండా ఒళ్లు ఇంత కచ్చితంగా ఎట్లా లెక్కపెట్టుకుంటుంది?

కానీ అందరికీ మూడు రోజులని ఊహించి సరిదిద్దడానికి సార్ ఒప్పుకోవడం లేదు. కొన్ని ఇళ్లలో మూడో రోజు స్నానం, కొన్నింట్లో అయిదో రోజు. ప్రతి ఇంట్లో అడిగి తెలుసుకోవాలి. లేకపోతే ఆదోని చుక్కలన్నీ పారబోయాల్సిందే అంటున్నారు. అంతమంది సిగ్గు చంపుకుని ఇచ్చిన చుక్కలు. అడగడానికి వెళ్లాలంటే ఆ ఆచారం తెలిసిన మనిషి కావాలి, ముఖం చాటేయకుండా అడగగలిగిన మనిషి కావాలి. పెద్దమ్మ మోకాళ్లతో తిరగలేదు. ఎవరున్నారు?

మీ
మాధురి


ఆదోని,
20 జనవరి 2025.

చిరంజీవి మాధురికి,

నీవు వదినను హైదరాబాదులో చూచి, మాటలాడి, రైలెక్కించితివి గనుక సగము కథ నీకు తెలియును. తక్కినది నేను వ్రాయుచున్నాను.

చుక్కలు పారబోయుదురను నీ మాటను రాజేష్ ఫోనులో ఆమెకు చెప్పినాడు. నేను చెప్పుమనలేదు. మరునాడు మధ్యాహ్నమునకు సంచితో గుమ్మము ముందు నిలిచినది. “పారబోస్తారంట గదా. ఇచ్చేదానికి ఎంత కష్టపడినామో వాళ్లకేం తెలుసు?” అని పెద్దమ్మతో అన్నది. కాళ్లు కడుగుకొని, హెప్సిబాకు ఫోను చేసి, సాయంకాలము నుండియే బయలుదేరినది. హెప్సిబా అంకెలు చూచుకొనుట, పావని ప్రశ్న అడుగుట. ఈ విధముగ అన్ని ఇండ్లును తిరిగినారు.

ఎదురింటికి తాను ఒక్కతే పోయినది. ఆమె, “ఇవన్నీ నీకెందుకు పావనీ?” అన్నదట. “నాకు గాదు అక్కా, నీ చుక్క పారబోయకుండా కాపాడేదానికి. ఎన్నో దినం పోసుకుంటావు? చెప్పు, పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా,” అన్నదట. మూడవ దినమని సమాధానము వచ్చినది.

లెక్కలు తానే తీసికొని వచ్చెదనని పట్టుబట్టి నీ దగ్గరకు వచ్చినది. నిన్న ఉదయమున తిరిగి వచ్చినది. నీవు సూక్ష్మదర్శినిలో ఏమేమి చూపితివో పెద్దమ్మకు వంటింటిలో చేతులు త్రిప్పుచు చెప్పినది. పెద్దమ్మ రెండు మారులు పాలు పొంగించినది. రాజేష్ దుకాణమునకు ఆలస్యముగ పోయినాడు. వారిరువురు మేడ మీద ఏమి మాటలాడుకొన్నారో నాకు తెలియదు, అడుగలేదు. ఆసుపత్రికి మరల పోవుదురో, పోరో వారు తేల్చుకొందురు.

రాత్రి భోజనముల వేళ ఎదురింటామె గిన్నెతో పెరుగుతోడు అడుగవచ్చి నిలువబడినది. పెద్దమ్మ వడ్డించుచున్నది. పావని నీ ల్యాబు సంగతి చెప్పుచు, చెప్పుచు, నావైపు తిరిగి అడిగినది.

“మామా, ఆడ మంచు పెట్టెలో గొట్టాలన్నీ వరసగా నిలబెట్టినారు. మన ఆదోనివీ, ఎమ్మిగనూరువీ. నాది యాదని అడిగితే మాధురికి తెలీదంట. సరే, బిడ్డలున్నామెది యాదో, లేనామెది యాదో చూపీ అన్నా. కండ్లకు కనిపించదు వదినా, అన్నీ ఒకటే మాదిరుంటాయి అన్నది. నేనూ వంగి చూసినా. అన్నీ ఒకటే మాదిరుండాయి. అంత పెద్ద యంత్రాలు పెట్టుకోని, అంత చదువుకోని, ఆ పిల్లకు కనిపించడం లేదే! మన వీధిలో అందరికీ ఎట్ల కనిపిస్తాండాది మామా?”

ఆమె గొంతులో కోపము లేదు. నిజముగ తెలిసికొనగోరి అడిగినట్లే అడిగినది. ఎదురింటామె గిన్నెను ఒక చేతి నుండి ఇంకొక చేతికి మార్చుకొన్నది. 

ఎన్ని వేల ప్రశ్నలు అడిగియుందునో నా తరగతులలో. ఈ ప్రశ్నకు సమాధానము నీకు తోచినచో వ్రాయుము. నేను మాత్రము ఆమెకు తెలియదని చెప్పితిని.

పెదనాన్న.